రిజిస్టరమ్మ రాసిన గాలి

రిజిస్టరమ్మ మంచం కింద ఒక ఇనప పెట్టె ఉంది. అందులో పద్నాలుగు రిజిస్టర్లున్నాయి. క్వార్టర్స్‌లో మిగిలిన ప్రతి మనిషీ ఆ పెట్టె మీద కొండంత ఆశ పెట్టుకున్నాడు. ఆ రిజిస్టర్లు బయటికొస్తే కంపెనీ వాళ్ళ నోళ్ళు మూతపడతాయనీ, ఏ కలుగులో దాక్కున్నా మెడ పట్టుకుని బయటికి లాగొచ్చనీ వాళ్ళ నమ్మకం. మూత తీసి లోపల ఏం రాసుందో చూసినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

చూసింది ఆమె ఒక్కతే. అందుకే సినిమా అమ్మాయి ఫోన్ చేసి, "మంగళవారం పొద్దున్నే వస్తామమ్మా, ఈసారి ఆ రిజిస్టర్లు కెమెరా ముందు తెరుద్దాం" అనగానే ఆమె గుండెల్లో రాయి పడింది. సరేనంది. కాదనడానికి ఏ సాకూ నోటికి రాలేదు.

సినిమా అమ్మాయి అని క్వార్టర్స్‌లో అందరూ పిలుస్తారు గానీ ఆ అమ్మాయి తీసేది డాక్యుమెంటరీ. మూతపడిన ఫ్యాక్టరీల మీద, మూసేసి చేతులు దులుపుకున్న వాళ్ళ మీద రెండేళ్ళుగా తీస్తోంది. మొదటిసారి వచ్చినప్పుడు పక్కింటావిడ ఆశగా, "సినిమా అంటే పాటలుంటాయా?" అని అడిగింది. రిజిస్టరమ్మ మొగుడు మంచం మీంచే, "దగ్గులుంటాయి. రాగం తీసి మరీ దగ్గుతాం" అన్నాడు. అప్పటికాయన అంత పొడుగు మాట ఒక్క ఊపిరిలో అనగలిగేవాడు.

ఇప్పుడు అనలేడు. ముక్కులో పైపు, పక్కన గుర్రుమనే ఆక్సిజన్ మిషను. ఆ మిషను ఆసుపత్రిది. విచారణ తేలేదాకా వాడుకోమని ఇచ్చారు. వచ్చే నెల విచారణ అధికారి కూర్చుంటాడు. జబ్బు పనిలోనే వచ్చిందని తేలితే, మనిషి ఉన్నన్నాళ్ళూ వైద్యం కంపెనీ చూసుకోవాలి. తేలకపోతే మిషను వెనక్కి వెళ్ళిపోతుంది. కంపెనీ వాదన ఒక్కటే ముక్క: దుమ్ము లాగే ఫ్యాను చివరి రోజుదాకా తిరిగింది, కాబట్టి వాళ్ళ ఊపిరితిత్తులతో మాకు సంబంధం లేదు.

కంపెనీ గురించి రెండే మాటలు చెబుతాను. అంతకన్నా చెబితే గౌరవం ఇచ్చినట్టవుతుంది. వాళ్ళు వాష్ బేసిన్లు, కమోడ్లు చేసేవాళ్ళు. వాళ్ళు అంటే యజమానులు కాదులెండి, యజమానులు కమోడ్ల మీద కూర్చునేవాళ్ళు. చేసింది నాలుగు వందల మంది కార్మికులు. మట్టిని అచ్చులో పోసి, ఆరబెట్టి, ఫినిషింగ్ సెక్షన్‌కి పంపితే అక్కడ పన్నెండు మంది గరుకు కాగితంతో రుద్ది నునుపు చేసేవాళ్ళు. ఆరిన మట్టిని రుద్దితే లేచే దుమ్ము పిండి కంటే మెత్తన. ముక్కులో దూరితే తుమ్ము కూడా రాదు, నేరుగా లోపలికి పోయి కాపురం పెడుతుంది. ఆ దుమ్మును లాగెయ్యడానికి గోడలో మనిషెత్తు ఫ్యాను ఉండేది.

ఆ పన్నెండు మందిలో రిజిస్టరమ్మ మొగుడు ఒకడు. బేసిన్ అంచు మీద బొటనవేలు ఒక్కసారి పోనిచ్చి, ఎక్కడ వెంట్రుకవాసి ఎత్తుందో చెప్పగలిగినవాడు. ఇంకొకడు ఆయన బావ, అంటే అక్క మొగుడు. బావ పోయి ఏడాదయింది. ఆ అక్కే రిజిస్టరమ్మకి వదిన. పక్క క్వార్టర్లో ఒంటరిగా ఉంటూ, రోజూ పొద్దున తమ్ముణ్ణి చూడ్డానికి వచ్చి, ముందుగదిలో రిజిస్టరమ్మ మంచం కిందికి ఒకసారి వంగి పెట్టె ఉందో లేదో చూసి మరీ కూర్చుంటుంది.

రిజిస్టరమ్మ పని దుమ్ములో కాదు. సెక్షన్ గుమ్మం దగ్గర బల్ల వేసుకుని, గంటకోసారి ఫ్యాను మీటరు చూసి రిజిస్టర్లో ఎక్కించడం. పేజీకి ఎనిమిది గళ్ళు, షిఫ్టుకి ఎనిమిది గంటలు. ముల్లు నలభై దాటితే గాలి బాగున్నట్టు. ఫ్యాను తిరిగినన్నాళ్ళూ అది నలభై రెండు దగ్గరే నిలబడేది. పదేళ్ళు నలభై రెండు రాసీ రాసీ ఆమెకి విసుగొచ్చింది. గంటగంటకీ లేచేకంటే పొద్దున్నే ఎనిమిది గళ్ళూ ఒక్కసారే నింపేసి, మిగతా పని చూసుకోవడం మొదలెట్టింది. సూపర్‌వైజరు చూసి నవ్వి ఊరుకున్నాడు. తప్పుగా ఎవరికీ తోచలేదు. రాసింది నిజమే కదా మరి.

అలా ఉండగా ఒకరోజు మోటారు కాలిపోయింది. ఫ్యాను నిలిచిపోయింది. అప్పటికే ఆ రోజు గళ్ళు ఎనిమిదీ నిండి ఉన్నాయి.

"కొట్టెయ్యమంటారా?" అని సూపర్‌వైజర్ని అడిగింది.

"కొట్టివేతలుంటే తనిఖీకొచ్చేవాళ్ళు వంద అడుగుతారమ్మా. వారంలో కొత్త మోటారొస్తుంది. ఈ వారం ఎప్పట్లాగే రాసెయ్. ఆర్డరు పోతే గేటు మూస్తారు, నాలుగు వందల మంది రోడ్డున పడతారు. నీ ఇష్టం."

నిలబడి, నోటితో, ఒక్కసారి చెప్పాడు. కాగితం మీద పెట్టలేదు. మళ్ళీ ఎప్పుడూ చెప్పలేదు, చెప్పాల్సిన పని పడలేదు. ఆ వారం పద్నాలుగు నెలలు సాగింది. పన్నెండు మందీ ముఖాలకి గుడ్డలు కట్టుకుని రుద్దారు. మోటారేదని అడిగితే దారిలో ఉందన్నారు. యజమానుల్లో పెద్దాయన ఒకసారి కారులో వచ్చి, జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, గుమ్మంలో రెండు నిమిషాలు నిలబడి, భేష్ అని వెళ్ళిపోయాడు. రిజిస్టరమ్మ పొద్దున్నే కూర్చుని నలభై రెండు, నలభై రెండు, నలభై రెండు రాస్తూనే ఉంది. మొదట్లో అది మొగుడితో చెప్పాల్సినంత పెద్ద విషయం అనిపించలేదు. తర్వాత చెప్పలేనంత పెద్దదైపోయింది.

గేటు ఎలాగూ మూశారు. ఒక సోమవారం పొద్దున తాళం మీద నోటీసు అంటించి ఉంది. యంత్రాలు అప్పటికే ఇంకోచోటికి, ఇంకో పేరు మీదికి వెళ్ళిపోయాయి. టిఫిను డబ్బాలూ చెప్పులూ తెచ్చుకోమని వాచ్‌మన్ అరగంట లోపలికి వదిలాడు. దొరికినవాళ్ళు కుర్చీలు తెచ్చుకున్నారు, ఒకాయన కుళాయి పీక్కొచ్చాడు. ఆమె గోనెసంచిలో నెలకొకటి చొప్పున ఆ పద్నాలుగు నెలల రిజిస్టర్లూ వేసుకుని బయటికొచ్చింది. అది చూసి గేటు దగ్గర జనం, "ఆడదంటే ఇదీ! సాక్ష్యం పట్టుకొచ్చింది!" అని చప్పట్లు కొట్టారు. నెత్తిన పెట్టుకున్నారు. ఆమె పట్టుకొచ్చింది సాక్ష్యం చూపించడానికి కాదు, ఎవరి కంటా పడకుండా దాచడానికి. ఆ మాట చెప్పే ధైర్యం అప్పుడూ లేదు, తర్వాతా రాలేదు.

తగలెయ్యొచ్చుగా అని మీరు అడగొచ్చు. తగలేస్తే ఏవీ అని అడిగేవాళ్ళకి ఏం చెబుతుంది? వదిన రోజూ వంగి చూస్తుందాయె.

ఫోన్ వచ్చిన రెండు రోజులకి, శనివారం మధ్యాహ్నం, మొగుడు కునుకు తీస్తుండగా ఆమె వంటింట్లో నేల మీద కూర్చుంది. ముందు పదిహేనో రిజిస్టరు, ఖాళీది. గోనెసంచిలో పొరపాటున కలిసొచ్చింది. ఆమెకొచ్చిన ఆలోచన దొంగ ఆలోచనే, కానీ అందులో దొంగమాట ఒక్కటీ లేదు. ఉన్నదున్నట్టు మళ్ళీ రాస్తుంది. తేదీ వేసింది. మొదటి గడిలో 'ఆగి ఉంది' అని రాసింది. రెండో గడిలో 'ఆగి ఉంది'. చెయ్యి తేలిగ్గా నడిచింది. నాలుగు పేజీలు రాసింది. ఇదేదో అప్పుడే రాసుంటే బాగుండేదని కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ రాసింది.

పేజీ అడుగున 'కార్మికుని సంతకం' అన్న గడి దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది.

ఆ గడి సంగతి ఆమె మర్చిపోలేదు, మర్చిపోయినట్టు నటించిందంతే. షిఫ్టు దిగేటప్పుడు ఫినిషింగ్ వాళ్ళు వంతులవారీగా రోజుకొకరు అందులో సంతకం పెట్టేవాళ్ళు. కుళాయి దగ్గర చేతులు కడుక్కుని తడిచేతులతో వచ్చేవాళ్ళు. సిరా అలుక్కుపోతుందని ఆమె పైన అట్టముక్క కప్పి, గడి ఒక్కటే కనబడేలా పట్టుకుని, వేలు పెట్టి చూపించేది. ఏం రాశావని ఎవరూ అడగలేదు. వాళ్ళు ఆ రిజిస్టరు పీసుల లెక్కకో హాజరుకో అనుకున్నారు. మన రిజిస్టరమ్మే కదా అని పెట్టేసి ఇంటికెళ్ళేవాళ్ళు. ఇప్పుడు దొంగ పుస్తకం నిలబడాలంటే ఆ పన్నెండు మంది సంతకాలూ ఆమే గీయాలి. అందులో పోయినవాళ్ళు ఐదుగురు.

రాసిన నాలుగు పేజీలూ చింపి పొయ్యిలో పెట్టింది. ఇక ఏ దారీ లేదని అప్పుడు తెలిసింది. నిజంగా, ఏ దారీ లేదు. అసలు పుస్తకం చూపిస్తే మొగుడి ప్రాణం పోతుంది, చూపించకపోయినా పోతుంది. ఆదివారం అన్నం కలిపి ముద్ద నోటి దాకా తెచ్చి దించేసింది. సోమవారం మొగుడు, "రేపటి నుంచి మన పెట్టె హీరో అయిపోతుంది, నన్ను పట్టించుకోరు" అని మూడు ఊపిర్లలో జోకేశాడు. ఆమె నవ్వబోయి వంటింట్లోకి పారిపోయింది.

మంగళవారం పొద్దున్నే సినిమా అమ్మాయి వచ్చింది. వెంట కెమెరా అతను. ముందుగది నిండా వైర్లు పరిచారు. కిటికీ బయట క్వార్టర్స్ జనం మూగారు. వదిన ఉతికిన చీర కట్టుకుని, అందరికంటే ముందొచ్చి కింద కూర్చుంది. లోపలి గదిలోంచి మిషను గుర్రు వినబడుతోంది.

"మామూలుగా మాట్లాడండమ్మా. పెట్టె లాగండి, ఒక పుస్తకం తీసి నాకివ్వండి. అంతే," అంది సినిమా అమ్మాయి.

ఆమె పెట్టె లాగింది. చేతికొచ్చిన రిజిస్టరు తీసి ఇచ్చింది. ఆ అమ్మాయి నవ్వుతూనే తెరిచింది, ఒక పేజీ చదివింది, రెండోది తిప్పింది. తర్వాత గబగబా పదిపేజీలు తిప్పింది. నవ్వు ఎప్పుడు పోయిందో తెలియలేదు గానీ పోయింది.

"కెమెరా ఆపు," అంది.

"ఆపొద్దు," అంది రిజిస్టరమ్మ.

కెమెరా అతను ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ఆపలేదు.

"అమ్మా, ఇందులో ఫ్యాను తిరిగినట్టుంది. రోజూ."

"తిరగలేదు. నేనే రాశాను."

"ఎవరు రాయమన్నారు?"

"సూపర్‌వైజరు ఒక వారం రాయమన్నాడు. ఆ తర్వాత ఎవరూ అనలేదు తల్లీ. నేనే రాసుకుంటూ పోయాను. పద్నాలుగు నెలలు. ముల్లు సున్నా మీద ఉంటే నలభై రెండు రాశాను. మధ్యమధ్య నమ్మేలా ఉండాలని నలభై ఒకటి కూడా వేశాను. అది మటుకు నా సొంత తెలివి."

కిటికీ బయట గుసగుస లేచింది, మళ్ళీ అణిగింది. వదిన లేచి వచ్చి, "మీ అన్నయ్య సెక్షన్లో రక్తం కక్కిన రోజు తియ్యి," అంది. తేదీ ఆవిడ చెప్పలేదు. చెప్పక్కర్లేదు, ఆ ఇంట్లో అందరికీ తెలిసిన తేదీ. రిజిస్టరమ్మ ఇంకో పుస్తకం తీసి, పేజీ తిప్పి చూపించింది. ఎనిమిది గళ్ళు. నలభై రెండు, నలభై రెండు, నలభై ఒకటి, నలభై రెండు. అడుగున సంతకం. ఆ రోజు వంతు ఆయనదే. కక్కి, మూతి కడుక్కుని, వచ్చి పెట్టాడు.

వదిన ఆ సంతకం మీద వేలు పెట్టింది.

"తమ్ముడు కూడా చూడలేదా?"

"అట్టముక్క కప్పేదాన్ని వదినా."

వదిన తిట్టలేదు. కొడుతుందనుకుంది రిజిస్టరమ్మ, కొట్టినా బాగుండేది. పుస్తకం కింద పెట్టి, నడిచి వెళ్ళి, గుమ్మంలో బయటికి తిరిగి కూర్చుంది. కిటికీ దగ్గర ఎవరో, "మన నోట్లో మట్టి కొట్టింది కదరా," అన్నారు. ఎవరో వాళ్ళని ఊరుకోమన్నారు.

అప్పుడు లోపలి గది తలుపు కదిలింది. మొగుడు గోడ పట్టుకుని వస్తున్నాడు. ముక్కులో పైపు సాగినంత దూరం వచ్చి, ఇంక సాగకపోతే అక్కడే స్టూలు మీద కూలబడ్డాడు. చెయ్యి చాచాడు. ఆమె పుస్తకం ఇచ్చింది. ఆయన పేజీలు తిప్పుకుంటూ తన సంతకం ఉన్న చోటల్లా ఆగాడు.

"ఇది... నువ్వు నేర్పిన సంతకమేనే," అన్నాడు.

నిజమే. పెళ్ళయిన కొత్తలో ఆయనకి వేలిముద్రే తెలుసు. పలక తెచ్చి, చెయ్యి పట్టుకుని, నెల రోజులు దిద్దించింది. అది తప్ప ఆయనకి ఇంకేం రాయడం రాదు. ఆమె నోట్లో కొంగు కుక్కుకుంది.

"ఏవండీ, నన్ను చంపెయ్యండి," అంది. ఊరికే అన్న మాట కాదు.

ఆయన ఆమె వైపు చూడలేదు. సినిమా అమ్మాయిని అడిగాడు. "ఇది చూపిస్తే... ఏమవుతుందమ్మా?"

ఆ అమ్మాయి ఆయన స్టూలు దగ్గర నేల మీద కూర్చుంది. తర్వాత, "మీతో అబద్ధం చెప్పలేను. రాసింది మీరే, సంతకాలు మీవే, మాకేం తెలుసు అంటారు కంపెనీ వాళ్ళు. ఈవిడ మీద కేసు కూడా పెట్టొచ్చు," అంది.

"చూపించకపోతే?"

"మన దగ్గర ఏ కాగితమూ లేదు."

"మిషను పోతుంది," అన్నాడాయన.

ఆయన ఊపిరి కూడగట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. గదిలో అందరూ ఆయన ఛాతీ వైపే చూస్తున్నారు.

"చెప్పవే," అన్నాడు పెళ్ళాంతో. "అంతా చెప్పు. నేనుండగానే... చెప్పెయ్. పోయాక చెబితే... నువ్వే చంపావంటారు. వాళ్ళని... ఒక్కడూ అడగడు."

ఆమె కళ్ళు తుడుచుకుని నేల మీద కూర్చుంది. మొదటి రిజిస్టరు తీసింది. మోటారు కాలిన రోజు పేజీ తెరిచి, కెమెరా వైపు కాకుండా మొగుడి వైపు తిరిగి చదవడం మొదలుపెట్టింది.

"ఎనిమిది గంటలకి నలభై రెండు."

"ఆగి ఉంది," అన్నాడాయన.

ఆమె తలెత్తి చూసింది. కానివ్వమన్నట్టు ఆయన చెయ్యి ఊపాడు.

"తొమ్మిదింటికి నలభై రెండు."

"ఆగి ఉంది."

"పదింటికి నలభై రెండు."

"ఆగి ఉంది."

మొదటి పేజీ అయింది. రెండో పేజీ అయింది. మూడో పేజీ సగంలో ఆయన నోరు తెరిచాడు గానీ మాట రాలేదు. దగ్గు కూడా రాలేదు. సినిమా అమ్మాయి లేవబోతే వద్దని వేలెత్తాడు. ఆ గడి అలా ఖాళీగా ఉండిపోయింది. రిజిస్టరమ్మ వేలు దాని మీదే ఉంది, తర్వాతి గడికి జరపలేకపోయింది.

గుమ్మంలోంచి, ఇటు తిరక్కుండానే, వదిన గొంతు వచ్చింది.

"ఆగి ఉంది. చదువు."